మారోవిండ్ రివ్యూ: దేవుడి మీదే డౌట్ వచ్చే గేమ్

మొన్న దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు మా తమ్ముడు నా లాప్‌టాప్ తెరిచి, "అన్నయ్యా, ఏంటీ గేమ్, మనుషుల మొహాలు కొండపల్లి బొమ్మల్లా ఉన్నాయి" అని పడీపడీ నవ్వాడు. వాడు ఇదే సిరీస్‌లో తర్వాత వచ్చిన స్కైరిమ్ నాలుగుసార్లు పూర్తి చేసిన ఘనుడు. "రేయ్, ఒక్క గంట ఆడు, నచ్చకపోతే మూసెయ్" అన్నాను. పది నిమిషాల్లో వాడి క్యారెక్టర్ ఒక ఎలుకను కత్తితో పన్నెండుసార్లు కొట్టి, తొమ్మిదిసార్లు గురితప్పి, చివరికి ఆ ఎలుక చేతిలోనే చచ్చిపోయింది. అప్పుడు వాడు నావైపు చూసిన చూపు ఉందే, పెళ్లి భోజనంలో ఉప్పులేని పప్పు వడ్డించినవాణ్ణి చూసే చూపు. అయినా రాత్రి ఒంటిగంటకి మంచినీళ్లకని లేస్తే హాల్లో లైటు వెలుగుతోంది. వాడు అక్కడే కూర్చుని ఏదో పుస్తకం చదువుతున్నాడు, గేమ్‌లో దొరికిన పుస్తకం. తల ఎత్తకుండానే, "ఇందులో దేవుళ్లు ముగ్గురూ కలిసి మర్డర్ చేశారంట, నిజమేనా?" అన్నాడు. ఈ రివ్యూ మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది, ముందే చెప్తున్నా.

పూర్తి పేరు ద ఎల్డర్ స్క్రోల్స్ 3: మారోవిండ్. బెథెస్డా వాళ్లు 2002 మే నెలలో విడుదల చేశారు. అదే ఏడాది నవంబరులో ట్రిబ్యునల్, 2003లో బ్లడ్‌మూన్ అని రెండు ఎక్స్‌పాన్షన్లు వచ్చాయి. ఇప్పుడు స్టీమ్‌లో దొరికేది ఆ మూడూ కలిపిన గేమ్ ఆఫ్ ద ఇయర్ ఎడిషన్. నేను సేల్‌లో కొన్నాను, ఆ డబ్బుకి ఇద్దరం కడుపునిండా బిర్యానీ తినలేం. గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు లాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. ఫైటింగ్ ఎలా ఉంది, గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి అనేవి రెండు ముక్కల్లో తేల్చేస్తాను, ఎందుకంటే ఈ గేమ్ కొనాల్సింది వాటి కోసం కాదు. ఇందులోని దేవుళ్ల కోసం, మంత్రాల కోసం, ఆ ప్రపంచం తన గురించి తాను చెప్పుకునే కథల కోసం కొనాలి. కథ కొంత బయటపెట్టక తప్పదు. 20 ఏళ్లు దాటిన గేమ్‌కి స్పాయిలర్ భయమేంటి అనుకునేవాళ్లు చదవండి, క్లైమాక్స్ మాత్రం చెప్పను.

మీరు ఖైదీగా ఓడ దిగుతారు. సేడా నీన్ అని ఒక చిత్తడి ఊరు, అక్కడివాళ్లు మీ పేరు, జాతి, పుట్టిన రాశి రాసుకుని, ఒక మూట చేతిలో పెట్టి, బాల్మోరా అనే ఊళ్లో ఫలానా ఆయనకి ఇవ్వమని పంపేస్తారు. బయటికొస్తే ఊరి చివర తాటిచెట్టంత ఎత్తు పురుగు ఒకటి నిలబడి మూలుగుతూ ఉంటుంది. అదే ఇక్కడి బస్సు. దాని పేరు సిల్ట్ స్ట్రైడర్. దాని పైచిప్పని తొలిచి అందులో ప్రయాణికుల్ని కూర్చోబెడతారు, డ్రైవరు దాని లోపలి నరాల్నీ కండరాల్నీ నేరుగా చేత్తో నొక్కుతూ నడుపుతాడు. మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఆ తర్వాత రోజూ ఎక్కుతూ అలవాటైపోయింది. ఈ ద్వీపం పేరు వార్డెన్‌ఫెల్. నడిమధ్యలో రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం, దాని చుట్టూ బూడిద, పుట్టగొడుగులే చెట్లంత పెరిగే అడవులు. మామూలు ఫాంటసీలో కనిపించే ఇంగ్లండు పల్లెటూరు లాంటి వాతావరణం మచ్చుకి కూడా ఉండదు.

ఇక దేవుళ్లు. మామూలుగా ఇలాంటి ఆటల్లో దేవుళ్లని ఒక పట్టిక వేసి ఇస్తారు. ఈయన ఎండకి, ఆవిడ పంటకి, ఇంకొకాయన చావుకి, ఒక్కొక్కరికీ ఒక గుర్తు, ఒక రంగు, భక్తుడికి రెండు పాయింట్ల బోనస్. రేషన్ కార్డులో కుటుంబ సభ్యుల పేర్లున్నట్టు ఉంటుంది. నేను ఆ పట్టికల్ని ఎప్పుడూ దాటేసేవాణ్ణి. మారోవిండ్‌లో అలా దాటెయ్యడం కుదరదు, ఎందుకంటే ఇక్కడి ముగ్గురు ముఖ్యమైన దేవుళ్లు బతికే ఉన్నారు, ఊళ్లో ఉంటారు, వాళ్లలో ఒకాయన ఇంటికి వెళ్లి తలుపు తీసి మాట్లాడొచ్చు. అల్మలెక్సియా, సోథా సిల్, వివెక్. ముగ్గుర్నీ కలిపి ట్రిబ్యునల్ అంటారు, మూడు పేర్లూ కలిపి అల్మ్‌సివి అంటారు, జనం ఆ పేరు మీద ఒట్లు వేస్తారు. (మా తమ్ముడికి వివెక్ అనగానే ఇంటర్లో వాడితో చదివిన వివేక్ గుర్తొచ్చి అరగంట సీరియస్‌నెస్ పోయింది.)

వీళ్లు ముగ్గురూ పుట్టుకతో దేవుళ్లు కారు. ఒకప్పుడు నెరెవార్ అనే రాజు దగ్గర సలహాదారులు, అందులో అల్మలెక్సియా ఆయన భార్య కూడా. ఆ కాలంలో డ్వెమర్ అనే జాతి రెడ్ మౌంటెన్ అడుగున లోర్ఖాన్ అనే ఆదిదేవుడి గుండెని కనిపెట్టింది, అది ఇంకా కొట్టుకుంటూనే ఉంది. దాని శక్తితో తమకో కొత్త దేవుణ్ణి యంత్రంలా తయారుచేసుకోబోయారు. యుద్ధం జరిగింది. యుద్ధం అయ్యేసరికి డ్వెమర్ జాతి మొత్తం, ప్రపంచమంతటా, ఒక్కసారిగా మాయమైపోయింది. నెరెవార్ చనిపోయాడు. కొన్నాళ్లకి ఈ ముగ్గురూ ఆ గుండె దగ్గరికెళ్లి దేవుళ్లయ్యారు. బంగారు రంగులో ఉండే జనం చర్మం బూడిదరంగుకి, కళ్లు ఎరుపుకి మారిపోయాయి.

గుండె సంగతి గుళ్లో బయటికి ఒప్పుకోరు గానీ, మిగతాది చాలావరకు అందరూ ఒప్పుకుంటారు. నెరెవార్ ఎలా చనిపోయాడు అన్నదగ్గరే అసలు పేచీ. గుళ్లో పూజారిని అడిగితే యుద్ధంలో తగిలిన గాయాలతో పోయాడంటాడు, ఆయన్ని సెయింట్‌గా కొలుస్తారు కూడా. బూడిద మైదానాల్లో గుడారాల్లో ఉండే యాష్‌లాండర్లని అడిగితే ఆ ముగ్గురే చంపారంటారు. ఎలా చంపారో కూడా వివరంగా చెప్తారు: ఒకరు విషం కలిపిన కొవ్వొత్తులు, ఒకరు విషం పూసిన బట్టలు, మూడో ఆయన విషం నిండిన మంత్రాలు. వివెక్ దగ్గర మూడో కథ ఉంటుంది. రెడ్ మౌంటెన్‌లో కూర్చున్న ఈ గేమ్ విలన్ డాగోత్ ఉర్‌కి నాలుగో కథ ఉంటుంది, నన్ను కాపలా పెట్టి నా స్నేహితుడే నన్ను చంపాడని అతని బాధ. గేమ్ ఎక్కడా ఆగి "అసలు జరిగింది ఇదీ" అని చెప్పదు. చివరి దాకా చెప్పదు. వికీలు వెతికినా తేలదు, ఎందుకంటే రాసినవాళ్లు కావాలనే తేల్చలేదు.

నాకు ఈ గేమ్ అంటుకుంది ఇక్కడే. మా అమ్మమ్మగారి ఊళ్లో గుట్ట మీద నరసింహస్వామి గుడి ఉంది, ఆ గుట్టమీదకి స్వామి ఎలా వచ్చాడో పూజారిగారు ఒకలా చెప్తారు, గుట్ట కింద గొర్రెలు కాసే తాత ఇంకోలా చెప్పేవాడు, అమ్మమ్మ మూడోలా. ముగ్గురి కథల్లోనూ ఎవరి వంశంవాళ్లకి స్వామి ముందు కనిపించాడో చూస్తే సరిగ్గా వాళ్ల వంశంవాళ్లే ఉంటారు. చిన్నప్పుడు నాకు అది తప్పుగా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు, స్థలపురాణం అంటేనే అంత. ఏ కథ ఎవరు చెప్తున్నారు, ఎందుకు చెప్తున్నారు అని చూసుకుంటూ వినడం మనకి అలవాటే. మారోవిండ్ రాసినవాళ్లకి ఈ కిటుకు తెలుసు. దీని లీడ్ డిజైనర్ కెన్ రోల్‌స్టన్ అంతకుముందు రూన్‌క్వెస్ట్ అనే టేబుల్‌టాప్ ఆటకి పనిచేసినవాడు, గ్లోరాంథా అనే ఆ ఆట ప్రపంచంలో కూడా ఒక్కో జాతికి ఒక్కో పురాణం, అన్నీ ఒకదానితో ఒకటి గొడవపడుతుంటాయి. ఆ రుచి ఇక్కడికి వచ్చిందని ఆడుతుంటే తెలిసిపోతుంది.

ఇంకా ముచ్చటైన విషయం, పాత దేవుళ్లని కొత్త దేవుళ్లు మింగిన తీరు. ఈ ముగ్గురూ రాకముందు జనం డేడ్రా అనే శక్తుల్ని కొలిచేవాళ్లు, ముఖ్యంగా బోయెథియా, అజూరా, మెఫాలా. ట్రిబ్యునల్ మతాన్ని నడిపే టెంపుల్ వాళ్లు ఆ పాత ముగ్గుర్నీ దెయ్యాలని తరిమెయ్యలేదు. తెలివిగా, వాళ్లు మన దేవుళ్లకి "ముందు సూచనలు" అన్నారు. బోయెథియా వచ్చింది అల్మలెక్సియా వస్తుందని చెప్పడానికి, అజూరా వచ్చింది సోథా సిల్ కోసం, మెఫాలా వచ్చింది వివెక్ కోసం. మిగతా నలుగురిని, మొలాగ్ బాల్, మాలకాత్, షియోగొరాత్, మెహ్రూన్స్ డేగన్‌ని, కష్టాలు పెట్టి పరీక్షించేవాళ్లుగా ఇంకో గదిలో పెట్టారు. ఊళ్లో పోలేరమ్మకి పెద్ద గుడి కట్టి, పక్కన బోర్డు మీద ఫలానా పెద్ద దేవత అంశ అని రాయడం చూసిన మనకి ఇది ఒక్క వాక్యంలో అర్థమైపోతుంది. ఇందులో అజూరాకి మాత్రం ఈ ఏర్పాటు నచ్చలేదు. జనం చర్మం బూడిదయింది ఆమె శాపం వల్లే అని యాష్‌లాండర్లు అంటారు. మీకు కలలో కనబడి కథ మొదలుపెట్టేది కూడా ఆమే. ఆమె చెప్పేది మాత్రం నమ్మాలా? ఆమెకీ ఒక కక్ష ఉంది కదా.

యాత్రల గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే గేమ్ మొత్తంలో నాకు బాగా ఇష్టమైనవి అవే. టెంపుల్‌లో చేరితే ముందు ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టి ఫలానా ఏడు చోట్లకి వెళ్లి రమ్మంటారు. కుమ్ము పొలాలు అని ఒకచోటు. అక్కడి కథ ఏంటంటే, ఒక పేదరైతు గ్వార్ చచ్చిపోయింది, గ్వార్ అంటే రెండుకాళ్ల మీద నడిచే బల్లిలాంటి జంతువు, అక్కడి ఎద్దు అనుకోండి. పంట చేతికొచ్చే టైము, మోసే పశువు లేదు, రైతు కూలబడ్డాడు. వివెక్ తన పట్టుబట్టలు విప్పి పక్కన పెట్టి, పంట ఇంటికి చేరేదాకా గ్వార్‌లా బరువు మోశాడు. అందుకే ఆ గుడిరాయి దగ్గర మీరు పెట్టాల్సింది పూలూ కాదు, బంగారమూ కాదు, ఆ పొలంలో దొరికే బురదలాంటి మక్ ఒక ముద్ద. సక్కుబాయి ఇంట్లో పాండురంగడు పిండి విసిరాడని హరికథల్లో విన్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది నాకు. మరి ఇదే వివెక్ రాజుని చంపాడేమో కదా అని వెంటనే ఇంకో ఆలోచన. గేమ్ రెండిటినీ మన చేతిలో పెట్టి తప్పుకుంటుంది.

ఇంకో చోటు పజిల్ కెనాల్. వివెక్ పేరు మీదే ఒక పెద్ద నగరం ఉంది, నీళ్లలో కట్టిన పిరమిడ్ల వరస, దాని చివర ఆయన ప్యాలెస్, ప్యాలెస్ కింద నీటితో నిండిన సొరంగాలు. అక్కడ దారి మూసుకుపోయి ఒక రాత కనిపిస్తుంది, ఆయన మహిమ ఉన్న నీళ్లని పీల్చు, దారి కనబడుతుంది అన్న అర్థంలో. నేను చుట్టూ బటన్ కోసం వెతికాను, లీవర్ కోసం వెతికాను, నీళ్లలోపల ఊపిరాడే మందు తాగి మరీ వెతికాను. ఏమీ లేదు. ఆ రాత అక్షరాలా నిజం. నీళ్లలో మునిగి, ఊపిరి అయిపోయి, ప్రాణం చూపించే ఎర్రగీత కరిగిపోతుంటే పైకి రాకుండా అలాగే ఉండాలి. చచ్చేముందు అడ్డుగా ఉన్న చోట వంతెన లేస్తుంది. ఏ హెచ్చరికా, ఏ బాణం గుర్తూ ఉండదు. నమ్మకం అంటే ఏంటో ఒక వీడియోగేమ్ నాతో చేయించింది అక్కడొక్కచోటే, అదీ నమ్మాలా వద్దా అని నాకే తేలని దేవుడి మీద.

ఆ నగరం మీద ఆకాశంలో ఒక పెద్ద బండ వేలాడుతూ ఉంటుంది, బార్ డావ్ దాని పేరు. ఒక పిచ్చి డేడ్రా నగరం మీదకి విసిరితే వివెక్ గాల్లోనే ఆపేశాడంట. ఆపి అలాగే ఉంచేశాడు, ఎప్పుడైనా వదిలేస్తే పడుతుందని జనానికి తెలుసు. దాన్ని తొలిచి టెంపుల్ వాళ్లు జైలు కట్టారు, పేరు సత్య మంత్రిత్వశాఖ. నెరెవార్ గురించి వేరే కథ చెప్పే పూజారుల్ని అందులో పెడతారు. కథలో ఒకచోట మీరు గాల్లోకి తేలుతూ ఆ బండలోకి వెళ్లి ఒక పూజారిణిని విడిపించాలి. మంచి దేవుడు, చెడ్డ దేవుడు అని రెండు బుట్టల్లో వేసుకునే అలవాటున్నవాళ్లకి ఇక్కడ తలనొప్పి ఖాయం.

పెద్దల సంగతి చెప్పకపోతే డన్మెర్ల (ఆ బూడిదరంగు చర్మం జనం పేరు ఇదే) మతం సగమే చెప్పినట్టు. ప్రతి వంశానికీ ఊరి బయట ఒక సమాధిగుహ, లోపల తాతముత్తాతల ఎముకలు, బూడిద, వాటికి కాపలాగా ఆ పెద్దల దెయ్యాలే. డాగోత్ ఉర్‌ని లోపలే ఉంచడానికి రెడ్ మౌంటెన్ చుట్టూ కట్టిన ఘోస్ట్‌ఫెన్స్ గోడకి శక్తి ఈ పెద్దల ఆత్మలదే. వేరేవాళ్లు శవాలతో మంత్రాలు చేస్తే వీళ్లకి పరమ అసహ్యం, సొంత తాత దెయ్యమై ఇల్లు కాయడం మాత్రం గౌరవం. పెత్రామాసకి పెద్దలకు పెట్టుకునే ఇంట్లో పుట్టిన నాకు ఇందులో వింతేమీ కనబడలేదు. నా ఫ్రెండ్ ఒకడు డబ్బుల కోసం ఆ సమాధులన్నీ వరసపెట్టి దోచుకున్నాడు, నేను మాత్రం మొదటి సమాధిలో బూడిద కుండీలో చెయ్యిపెట్టి రెండు నాణేలు తీశాక ఎందుకో మళ్లీ పెట్టలేకపోయాను. గేమ్ ఏమీ అనలేదు. నాకే బాగోలేదు.

మంత్రాల విషయానికొస్తే, ఈ సిరీస్‌లో మంత్రం మీద ఇంత స్వేచ్ఛ మళ్లీ రాలేదు. ఆరు విద్యలున్నాయి, ఆల్టరేషన్, కంజురేషన్, డిస్ట్రక్షన్, ఇల్యూజన్, మిస్టిసిజం, రెస్టొరేషన్. డబ్బిచ్చి సొంత మంత్రం కట్టించుకోవచ్చు, ఏ ప్రభావం, ఎంత బలం, ఎన్ని సెకన్లు, ఎంత దూరం, అన్నీ మనిష్టం. గాల్లో తేలే మంత్రం ఉంది, ఆ తర్వాతి ఆటల్లో దాన్ని తీసేశారు. ఇక్కడ అది సరదాకి ఇచ్చింది కాదు: టెల్వానీ అనే మాంత్రికుల వంశం పుట్టగొడుగు బురుజుల్లో ఉంటుంది, వాటిలో పైకెళ్లడానికి మెట్లే ఉండవు. తేలడం రానివాడితో మాకేం పని అన్నది వాళ్ల పొగరు. ఇంటి కట్టడంలోనే ఆ వంశం గుణం చూపించేశారు, డైలాగు అక్కర్లేదు.

మతం, మంత్రం ఎలా కలిశాయో చూడండి. ఆపదలో పారిపోవడానికి రెండు మంత్రాలున్నాయి. డివైన్ ఇంటర్వెన్షన్ చదివితే దగ్గర్లోని సామ్రాజ్యపు గుడి దగ్గర తేలతారు, అల్మ్‌సివి ఇంటర్వెన్షన్ చదివితే దగ్గర్లోని ట్రిబ్యునల్ టెంపుల్ దగ్గర. సామ్రాజ్యం వాళ్లది తొమ్మిదిమంది దేవుళ్ల మతం, స్థానికులది ముగ్గురిది, ఇద్దరూ ఒకే ద్వీపంలో ఒకరినొకరు చూసి మొహం తిప్పుకుంటారు, కానీ రాత్రిపూట బూడిదతుఫానులో ఏదో జంతువు తరుముతుంటే మీరు రెండు మతాల దేవుళ్లనీ లెక్కేసుకుని ఎవరి గుడి దగ్గరగా ఉందా అని ఆలోచిస్తారు. నేను చాలాకాలం ఆ రెండు మంత్రాలు రాసిన స్క్రోల్సూ జేబులో పెట్టుకునే తిరిగాను. ప్రయాణాలు కూడా ఇలాగే కలగలుపు, పురుగు బస్సు ఎక్కి ఒక ఊరు, అక్కడ పడవెక్కి ఇంకో ఊరు, మేజెస్ గిల్డ్‌లో డబ్బుకట్టి మంత్రంతో మూడో ఊరు. ఆర్టీసీ బస్సు దిగి షేర్ ఆటో ఎక్కినట్టే ఉంటుంది.

సేడా నీన్ నుంచి బాల్మోరా దారిలో కాస్త నడవగానే పైనుంచి ఒక కేక వినబడి ఒక మాంత్రికుడు ఆకాశంలోంచి మీ ముందు పడి చచ్చిపోతాడు. అతని దగ్గర డైరీ, మూడు స్క్రోల్స్ ఉంటాయి. స్క్రోల్ చదివితే ఏడు సెకన్లపాటు గెంతే శక్తి వెయ్యి పాయింట్లు పెరుగుతుంది. గెంతితే సగం ద్వీపం దాటేస్తారు, ఎగిరేదాకా బ్రహ్మాండం, దిగేటప్పుడే అతనికి అర్థమైంది ఏడు సెకన్లు అయిపోయాయని. నేల తాకేముందు రెండోది చదివితే బతుకుతారు. మా తమ్ముడు నేను ఎంత చెప్పినా వినకుండా ఒకటే చదివి గెంతాడు. ఆ మాంత్రికుడి పక్కనే వాణ్ణీ పూడ్చాలి అనుకున్నా.

లోర్‌లో, అంటే ఆ ప్రపంచపు పురాణాల్లో, ఇంకా లోపలికి వెళ్తే సృష్టి కథ ఉంది, దాని అందమే వేరు. లోర్ఖాన్ అనేవాడు మిగతా ఆత్మల్ని ఒప్పించో, మోసం చేసో లోకం చేయించాడు. లోకం కోసం తమ శక్తి పోసినవాళ్లు బక్కచిక్కిపోయారు, పొయ్యనివాళ్లు డేడ్రాలుగా మిగిలారు. ప్లాన్ గీసిన మాగ్నస్ సగంలో భయపడి పారిపోయాడు, పారిపోతూ ఆకాశానికి పెట్టిన కన్నమే సూర్యుడు, అతని వెంట వెళ్లినవాళ్లు పెట్టిన చిన్న కన్నాలు నక్షత్రాలు. ఆ కన్నాల్లోంచి కారేదే మంత్రశక్తి. లోర్ఖాన్‌కి శిక్షగా గుండె పీకి విసిరేశారు, అదే రెడ్ మౌంటెన్ కింద ఉన్నది. ఎల్ఫ్‌లకి లోర్ఖాన్ పరమ దుర్మార్గుడు, మనల్ని చావున్న ఒంట్లోకి లాగాడని. మనుషులకి ఆయన త్యాగమూర్తి, లేకపోతే మనమే లేము కదా అని. ఇదంతా ఎవరో కట్‌సీన్‌లో చెప్పరు. ఏదో కొట్టు అరలో, ఏదో దొంగల గుహలో దొరికే చిన్న పుస్తకాల్లో ముక్కలు ముక్కలుగా ఉంటుంది.

పుస్తకాలన్నిటిలో రారాజు వివెక్ రాసుకున్న 36 పాఠాలు. చదివితే మొదట పిచ్చి పట్టినట్టు ఉంటుంది, గుడ్డులోంచి పుట్టానంటాడు, పద్యాలంటాడు, యుద్ధాలంటాడు, తలా తోకా దొరకదు. అయితే 29వ పాఠంలో అంకెల వరస ఒకటి ఉంది. ఏ పాఠానికి ఏ అంకె ఇచ్చాడో చూసుకుని, ఆ పాఠంలో అన్నో మాటని ఏరి వరసగా పెడితే ఒక వాక్యమాల వస్తుంది. అందులో ఏముందో నేను చెప్పను, మా తమ్ముడి ప్రశ్నకి సంబంధించిందని మాత్రం చెప్తాను. తన గురించి తానే అబద్ధాల పురాణం రాసుకుని, దాని పొట్టలో నిజం దాచిపెట్టిన దేవుడు. ఇంకే ఆటలోనూ నాకు ఇలాంటివాడు తగల్లేదు. అది కూడా నిజమేనా, ఇంకో నాటకమా అన్న డౌటు నాకు ఇప్పటికీ పోలేదు.

మీ పాత్ర సంగతి కూడా అంతే అనుమానంగా ఉంచారు. నెరెవార్ మళ్లీ పుడతాడని జోస్యం ఉంది, అది మీరేనంటారు. కానీ మిమ్మల్ని పంపింది చక్రవర్తి, ఆ జోస్యానికి సరిపోయే లక్షణాలున్న ఖైదీని ఏరి పంపాడు. యాష్‌లాండర్ల ముసలమ్మ ఒకావిడ మొహంమీదే చెప్తుంది, నువ్వు ఆయనవి కావు, అవ్వగలిగినవాడివి మాత్రమే అని. తర్వాత ఒక గుహకి వెళ్తే అక్కడ మీకంటే ముందు నేనే నెరెవార్‌నని నమ్మి, పోయినవాళ్ల ఆత్మలు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కరూ మాట్లాడతారు, ఒక్కో వస్తువు ఇస్తారు. ఆ గుహలో నేను చాలాసేపు ఉన్నాను.

లోపాలు చెప్పాలి కదా. కత్తి తగిలినట్టు కళ్లకి కనబడుతున్నా లోపల పాచికలు పడి తప్పిందంటుంది, ఇది మొదటి మూడు గంటలు ఎవరికైనా బీపీ తెప్పిస్తుంది. మందు ఏంటంటే, మొదట్లో ఒక ఆయుధం ముఖ్య నైపుణ్యంగా ఎంచుకుని దాన్నే వాడండి, పరిగెత్తుకుంటూ వెళ్లి కొట్టకండి, ఓపిక చూపించే ఆకుపచ్చ గీత అడుగంటితే దెబ్బ తగలదు. మంత్రశక్తి దానంతటది నిండదు, పడుకోవాలి. క్లిఫ్ రేసర్ అనే ఎగిరే పీడ ఒకటి ఉంది, పొలం మీద మిడతల్లా వెంటపడుతుంది, దాని అరుపు వింటే ఇప్పటికీ నా పళ్లు కొరుక్కుంటాను. ట్రిబ్యునల్ ఎక్స్‌పాన్షన్ కలిసి ఉంటుంది కాబట్టి మొదటి లెవెల్లోనే నిద్రలో హంతకుడు వచ్చి పడతాడు, కథలో అది రావాల్సిన సమయం కాదు, పాత సేవ్ ఒకటి పెట్టుకునే పడుకోండి. మాటలన్నీ తెరమీద చదువుకోవాలి, గొంతు వినబడేది తక్కువ, ఇంగ్లిషు మీద విసుగున్నవాళ్లకి కష్టం, తెలుగు ఎలాగూ లేదు.

దారి చూపించే బాణం ఉండదు. వంతెన దాటి తూర్పుకి తిరుగు అని నోటిమాట చెప్తారు, వినాలి, డైరీలో చూసుకోవాలి. మొదట్లోనే ఒక డ్వెమర్ శిథిలానికి వెళ్లి చిన్న పజిల్ పెట్టె తీసుకురమ్మంటారు. ఆ తలుపుకి తాళం ఉండదు, పక్కన గొట్టానికున్న చక్రం తిప్పితే కొండ గోళంలా తెరుచుకుంటుంది, ఆ చప్పుడు కోసమైనా వెళ్లాలి. పెట్టె మాత్రం చీకటి గదిలో అరమీద అరచేయంత ఉంటుంది. దాని ముందునుంచే నాలుగుసార్లు తిరిగి, రెండు గంటలు వెతికాను. తప్పు నాదే, దీపం కొనకుండా వెళ్లాను. మాయమైన ఆ జాతిలో మిగిలిన ఒకే ఒక్కడిని తర్వాత ఒకచోట కలుస్తారు, రోగంతో ఉబ్బిపోయి, ఇనుప సాలీడు కాళ్ల మీద కూర్చుని ఉంటాడు. మీవాళ్లంతా ఏమయ్యారని అడిగితే, ఆ సమయానికి నేను అక్కడ లేను అంటాడు. వేల ఏళ్లుగా అందరూ అడిగే ప్రశ్నకి బతికున్న ఒకే ఒక్క సాక్షి చెప్పే జవాబు అది!

ఇంకో విషయం, కథకి ముఖ్యమైనవాణ్ణి కూడా చంపెయ్యొచ్చు. జోస్యపు దారం తెగిపోయింది, పాత సేవ్‌కి వెళ్తావా, ఇలాగే చెడిపోయిన లోకంలో ఉంటావా అని ఒక నోటీసు వస్తుంది, అంతే. వివెక్‌ని కూడా చంపొచ్చు. ఆయన గదిలో గాల్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంటాడు, ఒంట్లో సగం పాత బంగారు రంగు, సగం శాపం తగిలిన బూడిద రంగు. నెరెవార్‌ని మీరే చంపారా అని అడగడానికి డైలాగ్ కూడా ఉంది.

కొనేవాళ్లు గేమ్‌తోపాటు ఓపెన్ఎమ్‌డబ్ల్యూ అనే ఉచిత ఇంజిన్ కూడా వేసుకోండి, అసలు గేమ్ ఫైళ్లు ఉంటేనే పనిచేస్తుంది, దూరం బాగా కనబడుతుంది, కొత్త కంప్యూటర్లలో సాఫీగా నడుస్తుంది. మోడ్‌లు, అంటే అభిమానులు గేమ్‌కి చేసిన మార్పులు, మొదటిసారికి వద్దు. రెండోసారికి టామ్రియెల్ రీబిల్ట్ అని, ద్వీపం బయటి భూభాగాన్ని అభిమానులే ఏళ్ల తరబడి కడుతున్న మోడ్ ఉంది, అది చూడండి. నా మార్కులు పదికి తొమ్మిది, ఆ ఒక్కటీ క్లిఫ్ రేసర్లు తినేశాయి.

రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, వివెక్‌ని మొహంమీదే అడిగేశా."

"ఏమన్నాడు?"

"సరిగ్గా చెప్పట్లేదు. చంపలేదన్నట్టే మాట్లాడుతున్నాడు."

"మరి కత్తి తీశావా?"

"ఆగు, ఆ పాఠాలు మొత్తం దొరకనీ. ఇంకా పదమూడు తక్కువున్నాయి."